కరెంటు పోయాక జడల రాక్షసుడు ఏమయ్యాడు?

మా చిన్నప్పుడు... శుక్రవారం రాత్రి అన్నాలవగానే వీధిలో సగం మంది మా టీవీ ముందు చేరేవాళ్ళు. హత్యలు, దెయ్యాలు, వాటి వెంటపడే ఒక ఇన్‌స్పెక్టర్... అదీ సీరియల్.

ఆ వారం కథలో అడవిలో వందల ఏళ్ళుగా ఉన్నాడని చెప్పుకునే జడల రాక్షసుడు వచ్చాడు. కల్లాల దగ్గర కాపలా పడుకున్న మనుషులు ఒక్కొక్కరే మాయమైపోతున్నారు. మట్టిలో పెద్ద పెద్ద పాదాల గుర్తులు... ఇన్‌స్పెక్టర్ టార్చి పైకెత్తాడు...

కరెంటు పోయింది.

అందరూ ఉసూరుమంటూ వెళ్ళిపోయారు. నాకు మాత్రం భయం పట్టుకుంది. ఎందుకంటే అప్పుడే అన్నం తిని మా నాన్న మిరప కల్లం కాపలాకి వెళ్ళాడు. కాయలు ఎండేదాకా రోజూ అక్కడే పడక.

నాన్నని పిలుచుకొద్దామని అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చాను. మన ప్రత్తిపాడు పక్కన అడవెక్కడుందే, అన్నీ పత్తిచేలే కదా అని అమ్మ కసిరింది. నల్లమల నుంచి నడిచి రాలేడా అని నా అనుమానం...

పొద్దున్నే నాన్న వేపపుల్ల నములుతూ వచ్చేశాడు. హమ్మయ్య అనుకున్నాను. కానీ రాత్రికి మళ్ళీ వెళ్ళాలిగా!

శనివారం అమ్మతో కల్లానికి వెళ్ళాను. పక్క ఊరి నుంచి కూలికి వచ్చే మస్తాన్‌బీ అత్త రంగుపోయిన తాలుకాయలు ఏరుతోంది. వాళ్ళ ఊరి కరెంటు లైను వేరు. పక్కన చతికిలబడి, రాత్రి సీరియల్లో రాక్షసుడు దొరికాడా అని అడిగాను. నా మొహంలోకి ఒకసారి చూసింది.

"దొరికాడమ్మా. రాక్షసుడూ లేదు, పాడూ లేదు. కలప దొంగ. ఎలుగ్గొడ్డు తోలు కప్పుకుని తిరుగుతున్నాడు. తోలు లాగితే లోపల గళ్ళ లుంగీ."

"మరి అంత పెద్ద పాదాలో?"

"చెక్కతో చేయించుకున్నాడు. మాయమైనోళ్ళందర్నీ కొట్టంలో కట్టేశాడంట, విడిపించేశార్లే."

గుండెల మీద నుంచి బస్తా దించినట్టయింది. ఆ సాయంత్రం నాన్నకి టార్చిలైటు నేనే చేతికిచ్చి పంపాను. ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో...

మొన్న ఫోన్లో ఏదో వెతుకుతుంటే ఆ ఎపిసోడ్ కనబడింది. ఇన్నేళ్ళకి చివరిదాకా చూశాను. దొంగా లేడు, లుంగీ లేదు... రాక్షసుడు నిజంగానే ఉన్నాడు. మాయమైన వాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు. ఇంత వయసొచ్చి కూడా లేచి వెళ్ళి తలుపు గడియ చూసుకున్నాను.

పోయిన ఆదివారం ఊరెళ్ళినప్పుడు మస్తాన్‌బీ అత్త దగ్గరికి పనిగట్టుకుని వెళ్ళాను. ఇప్పుడు కూతురి కిరాణా కొట్లో కూర్చుంటోంది. అలా మార్చి చెప్పావేంటత్తా అని నిలదీశాను. పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వింది.

"మార్చడానికి నేను చూస్తేగా! అప్పట్లో మా ఇంట్లో టీవీ ఎక్కడిదమ్మా?"

ఆ రాత్రి కరెంటు పోయి ఎంత మేలు చేసిందో ఇప్పుడు తెలుస్తోంది... ఇప్పుడు కరెంటూ పోదు, ఏ కథ ముగింపైనా చేతిలోని ఫోన్లోనే దొరుకుతుంది. కానీ మన మొహం చూసి ముగింపు చెప్పేవాళ్ళే లేరు. మీ భయం తీర్చడానికి అలా చక్కగా అబద్ధమాడిన వాళ్ళెవరో... వాళ్ళ పేరు ఒక్కసారి ఇక్కడ రాసి వెళ్ళండి.