మాత్ర మానేసిన మూడు నెలలు

సహోదరులారా, సహోదరీలారా, బతికుంటానో లేదో అనుకున్న నన్ను ఈ రోజు మీ ముందర నిలబెట్టిన దేవునికే మహిమ! నా పేరు సంతోషమ్మ, మాది ధర్మవరం, మా ఆయన యోహాను పట్టుచీరలు నేస్తాడు, నేను పక్కన కూర్చుని పట్టుదారం కండెలు చుడతాను.

తొంభైల చివర్లో నా రొమ్ములో గడ్డ తేలింది. బెంగళూరులో ఆపరేషన్ చేసి తీసేశారు. ఆడవాళ్ల ఒంట్లో ఉండే హార్మోనే ఆ జబ్బుకు మేత అని, దాన్ని అడ్డుకోవడానికి రోజుకో మాత్ర ఐదేళ్లు వేసుకోవాలని చెప్పారు. మూడేళ్లు ఒక్కరోజూ తప్పలేదు. నాలుగో ఏడు కడుపులో మంట మొదలైంది, సంగటి ముద్ద దిగితే చాలు రాయి మింగినట్టు ఉండేది. హిందూపురంలో డాక్టరు గొట్టం వేసి చూస్తానని నోరు తెరవమంటే, మా ఆయన పక్కనుంచి, "ఆయమ్మకు నోరు తెరవమని చెప్పే పని ల్యా సార్!" అన్నాడు. ఆ భయంలోనూ నాకు నవ్వు ఆగలేదు!

కానీ రిపోర్టు వచ్చాక నవ్వు పోయింది. కడుపు లోపలి పొర కొంతమేర మారిందట, అది క్యాన్సర్ కాదు గానీ వదిలేస్తే కొందరికి అటే పోతుందట. ఒకటి పోయి రెండోది వచ్చిందా ప్రభువా అని కుమిలిపోయాను. పెనుకొండలో ఉండే మా పిన్నమ్మ చూడవచ్చి, "ఆ మాత్రే నీ కడుపును తినేస్తాండాది. విశ్వాసం ఉండేదానికి మాత్రలెందుకే?" అంది. ఆ మాట పట్టుకుని మాత్ర మానేశాను. మా ఆయన అడిగితే వేసుకున్నానని చెప్పి, మాత్రలు రాగిపిండి డబ్బాలో దాచేదాన్ని. దానికి విశ్వాసమని పేరు పెట్టుకున్నాను గానీ, సహోదరులారా, అది ఉత్త భయం!

మూడు నెలలకు మా అత్త పిండి తీస్తుంటే మాత్రలు చేతికి తగిలాయి. ఆమె చదువుకోలేదు, ఎవరినీ గట్టిగా ఒక మాట అనదు. నా ముందర కూర్చుని, "మొగునికి అబద్ధం చెప్తాండావు, సరే. ప్రార్థనలో దేవునికేం చెప్తాండావు సంతోషమ్మా?" అంది. అక్కడే మోకరించి, "తండ్రీ, నిన్ను నమ్మానని చెప్పుకుంటూ దాక్కున్నాను, నన్ను క్షమించు, ఏది మంచిదో నువ్వే చూపించు" అని ఏడ్చాను. లేచి మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు, మగ్గం మీద సగం చీర అలాగే వదిలేసి, "పద, బెంగళూరికి పోదాం" అన్నాడు.

అక్కడి పెద్ద డాక్టరు ఓపికగా విన్నాడు. "ఈ మాత్ర కడుపు పొరకు చెరుపు చేస్తుందో మేలు చేస్తుందో మేం గట్టిగా చెప్పలేమమ్మా. కానీ రొమ్ము జబ్బు తిరిగి రాకుండా ఇది కాపలా కాస్తాంది, మానొద్దు. నీ కడుపులో పొరను చెరిపే ఒక క్రిమి ఉంది, దాన్ని చంపుదాం. ఏడాదికోసారి గొట్టం వేసి చూద్దాం" అన్నాడు. తెలియనిది తెలియదని చెప్పిన ఆ మనిషి మీద నాకు గురి కుదిరింది. క్రిమికి మందులు వాడాను, పాత మాత్ర మళ్లీ మొదలుపెట్టాను, ప్రార్థన ఒక్కపూట కూడా ఆపలేదు.

మొదటి ఏడు చూస్తే మార్పు పెరగలేదు. రెండో ఏడూ అంతే. మూడో ఏడు పరీక్షకని కడుపులోంచి తీసిన ముక్కల్లో చాలావరకు మామూలు పొరే కనబడింది, హల్లెలూయా! "మాత్ర వల్లనా సార్, క్రిమి చచ్చినందువల్లనా?" అని అడిగితే, డాక్టరు నవ్వి, "అది మాత్రం చెప్పలేనమ్మా" అన్నాడు. నాకు చెప్పనక్కరలేదు, ఎవరికి స్తోత్రం చెల్లించాలో నాకు తెలుసు! ఐదేళ్లూ పూర్తయ్యాయి, రొమ్ము జబ్బు తిరిగి రాలేదు, ఇప్పుడు ముద్ద తర్వాత ముద్ద దిగుతోంది, మా అత్తే చాలించమంటోంది!

అక్కలారా, చెల్లెళ్లారా, ఒంట్లో ఏదో తేడా తగిలినా సిగ్గుపడి ఎవరికీ చెప్పనివాళ్లు ఈ గుడిలో ఉన్నారని నాకు తెలుసు. దేవుణ్ణి నమ్మండి, ఆయన దగ్గర దాచొద్దు, డాక్టరు దగ్గర కూడా దాచొద్దు. ఆరాధన ముగిశాక నేను ఆ వాకిలి దగ్గర నిలబడి ఉంటాను. నా చెయ్యి పట్టుకోండి చాలు, ఏమీ చెప్పక్కరలేదు. రేపు పొద్దున బెంగళూరు రైలుకు ఇద్దరం కలిసి పోదాం.