పాట అయిపోయే వేళ

హనుమండ్లుకు మాట పడిపోయి రెండేళ్లు దాటింది. అంతకుముందు మహా వాగేవాడా అంటే అదీ లేదు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు కూడా పది అడిగితే ఒకదానికి జవాబు చెప్పే రకం. కానీ ఆడని మాట వేరు, ఆడలేని మాట వేరు. ఆ తేడా ఏమిటో బాలలక్ష్మిని అడగాలి.

పెళ్లయిన ఏడాదికే అతను దేశం దాటాడు. మొదట ఎండలో ఇసుక మోశాడు. తర్వాత ఎవరి పుణ్యమో, ఒక పెద్ద పాటల హాల్లో పని దొరికింది. ఏం పనయ్యా అంటే "ఏసీల నిలబడుడే, ఫికర్ లేదు" అనేవాడు. మొగుడు ఎండలో లేడు, ఆమెకు అంతే చాలు. ఇంకేమీ అడగలేదు. సెలవుల్లో బర్రెకు గడ్డి వేస్తూ ఏవో రాగాలు తీసేవాడు. తెలుగు కాదు, ఉర్దూ కాదు. "ఏం పాటలు గివి?" అంటే "ఇటలీవోళ్లయి" అని నవ్వేవాడు. ఆ కొద్ది రోజుల కాపురంలో బాలలక్ష్మి దాచుకున్నదంటూ ఉంటే ఆ నవ్వే.

అక్కడే పక్షవాతం వచ్చింది. విమానం ఎక్కించి పంపారు. కుడిచెయ్యి పోయింది, కాలు ఈడుస్తాడు, నోట ఒక్క ముక్క రాదు. కరీంనగర్ డాక్టర్లు మాట రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. అంతమాత్రం బస్సులో పక్కసీటు మనిషి కూడా చెప్పగలడు. ఒక డాక్టరమ్మ మాత్రం, "ఆయనకు ఇష్టమైనవి వినిపిస్తూ ఉండు" అంది. బాలలక్ష్మి ఆ మాట పట్టుకుని వేలాడింది. మల్లన్న పాటలు పెట్టింది, పాత సినిమా పాటలు పెట్టింది. కూతురు నవనీత మంచిర్యాల నుంచి వచ్చి "బాపూ" అని మీద పడి ఏడ్చినా అతని పెదవి కదల్లేదు.

బాలలక్ష్మి హుజూరాబాద్‌లో నిర్మలాదేవి గారింట్లో వంట చేస్తుంది. ఆ ఇంటి కూతురు స్పందన ఇటలీలో పాట నేర్చుకుని ఈమధ్యే వచ్చింది. ఒకరోజు పైగదిలో ఆ అమ్మాయి గొంతెత్తితే, పొయ్యి దగ్గరున్న బాలలక్ష్మి చేతిలో గరిటె ఆగిపోయింది. బర్రె కొట్టంలో విన్న రాగం అది. చెయ్యి కూడా కడుక్కోకుండా మేడెక్కింది.

"స్పందనమ్మా, గీ పాట మా ఆయన పాడుతుండె!"

స్పందన ఆశ్చర్యపోయింది. "ఇది బెల్ కాంటో అంటరక్కా. ఇటలీల పాత పద్ధతి. మైకు పెట్టరు, గొంతుతోనే హాలంతా నిండాలె. ఆయనకెట్ల తెలుసు?"

"గసొంటి హాల్లనే పనిచేసిండు. నువ్వు ఆదివారం కరీంనగర్ల హాల్ల పాడుతవు గద, ఆయనను తోలుకొస్త. ఒక్క మాటన్న వస్తదేమో."

వెనకే మేడెక్కి వచ్చిన నిర్మలాదేవి సందేహించింది. "పెద్దపెద్దోళ్లు వస్తరు. నడుమ పరేషాన్ చెయ్యడు గద?"

"చెయ్యడమ్మా. వెనకనే కూసుంటం."

ఆదివారం సాయంత్రం అతనికి తెల్ల చొక్కా తొడిగి, తల దువ్వి, బస్సులో కరీంనగర్ తీసుకుపోయింది. హాల్లో డాక్టర్లు, వకీళ్లు, పట్టుచీరలు. ఆ పాటల సంగతి తెలిసినవాళ్లు ఎందరో గానీ, తెలిసినట్టు కూర్చోవడం మాత్రం అందరికీ వచ్చు. స్పందన పియానో పక్కన నిలబడి పాడింది. గొంతు సన్నగా మొదలై చివరి వరుసదాకా వచ్చి తగిలింది.

బాలలక్ష్మి వేదిక వైపు చూడనే లేదు. మొగుడి మొహమే చూస్తూ కూర్చుంది. ఒక పాట అయింది, ఇంకోటి అయింది. అతను తల వంచుకుని అలాగే ఉన్నాడు. ఇంత దూరం వచ్చింది ఇందుకేనా అనుకుంది.

చివరికి ఆ బర్రె కొట్టం రాగం మొదలైంది. హనుమండ్లు తలెత్తాడు. ఎడమచేతి వేళ్లు మోకాలి మీద కదిలాయి. బాలలక్ష్మి ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. దేవుడా, ఒక్క మాట. నా పేరే కానక్కర్లేదు, తిట్టినా సరే.

పాట పైపైకి పోతోంది. ఇంకా అయిపోలేదు, అతను చెయ్యి విడిపించుకుని లేచాడు. కాలు ఈడ్చుకుంటూ వెనక్కి నడిచాడు. బాత్రూముకేమోనని ఆమె కంగారుగా వెంట పోయింది. అతను పెద్ద తలుపు దగ్గర ఆగి, చొక్కా సర్దుకుని, ఎడమచేత్తో తలుపు లాగి పట్టుకున్నాడు. పక్కకు జరిగి నిటారుగా నిలబడ్డాడు. రెండేళ్లలో అతను అంత నిటారుగా నిలబడటం ఆమె చూడలేదు. సరిగ్గా అప్పుడే పాట ఆగింది. హాలంతా చప్పట్లు.

ఏసీలో నిలబడటమంటే ఇదా, వచ్చేపోయేవాళ్లకు తలుపు తీయడమా! పాట ఎక్కడ అయిపోతుందో తెలియాలి, అప్పటికి తలుపు తెరిచి ఉండాలి. అన్నేళ్లూ అతను ఆ పాటలు విన్నది అందుకు. ఆ రాగాలు బర్రె కొట్టందాకా వచ్చింది అందుకు.

జనం బయటికి కదిలారు. ఒక్కొక్కరికీ అతను తల వంచుతున్నాడు. కొందరు నవ్వుకున్నారు, ఒకాయన భుజం తట్టిపోయాడు. బాలలక్ష్మి జనాన్ని తోసుకుంటూ అతని ముందుకొచ్చి నిలబడింది.

"ఏమయ్యా, నేను. ఇంటికి పోదాం రా."

హనుమండ్లు ఆమె వైపు చూశాడు. మర్యాదగా తల వంచాడు. పెదవులు విడివడ్డాయి. మాట ఎక్కడా తడబడలేదు.

"గుడ్ నైట్, మేడమ్."

అదే గొంతు. వెంట్రుకంత కూడా మారలేదు. అతను తలుపు పట్టుకునే ఉన్నాడు, ఆమె దాటేదాకా వేయడు. వెనక ఎవరో "జరగమ్మా" అన్నారు. మొగుడు తెరిచి పట్టుకున్న తలుపులోంచి, అతనికి ఏమీ కాని మనిషిలాగా ఆమె బయటికి నడిచింది.