ఎర్రజెండాకి ఆగిన చందమామ

ఆ రోజుల్లో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నాకన్నా పొట్టిపిల్ల మా క్లాసులో లేదు. అందువల్ల ఫొటోల్లో మొదటి వరసా, నాటకాల్లో ఏ వేషమూ లేకపోవడమూ నాకు రాసిపెట్టి ఉండేవి. అలాంటిది ఆరో క్లాసులో సైన్సు టీచరమ్మ, రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానంలో పిల్లల చేత శనిగ్రహం ఆడించి చూపిస్తానని, అందరికన్నా దూరాన తిరిగే బుల్లి చందమామ వేషం నాకిచ్చారు. పైగా అది మిగతా చందమామలకి ఎదురు దిక్కున తిరుగుతుందట. వారం రోజులు నేను నేల మీద నడిస్తే ఒట్టు.

శని వేషం లోకో ఫోర్‌మన్ గారమ్మాయిది (మేం బొండాం అనేవాళ్లం, తను మమ్మల్ని అంతకన్నా ఘోరంగా అనేది). నడుముకి సిర్గిట్టి ఫ్యాక్టరీలో వంచి తెచ్చిన ఇనప వలయం తగిలించాక పాపం కూర్చోవడానికి లేదు. నా కోరికల్లా నాన్న చూడాలని. నాన్న గూడ్సు గార్డు, నా పుట్టినరోజులన్నీ కట్నీ లైనులోనే గడిపిన మనిషి. ఆ సాయంత్రం డ్యూటీ దిగి, తెల్ల యూనిఫాంతో, చంకలో జెండాలతో తిన్నగా మైదానానికొచ్చి జనం వెనక నిలబడ్డారు.

ఆట మొదలైంది. ఏడుగురు చందమామలు శనిని ఎడమచేతివైపు ఉంచుకుని తిరుగుతున్నారు. నేను కుడిచేతివైపు ఉంచుకుని బయలుదేరాను. ముగ్గుతో గీసిన దారులు వేరువేరని వెనకనున్న నాన్నకేం తెలుస్తుంది? తలలే కనబడ్డాయి. ఒకే లైను మీద ఎదురెదురుగా వస్తున్నామనుకుని, ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ విజిల్ వేసి ఎర్రజెండా ఎత్తేశారు. రైల్వే పిల్లలం కదా, ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోయాం. తన చుట్టూ తాను తిరుగుతున్న శని కూడా ఆగింది. జనం పగలబడి నవ్వారు. నాకు దొరికిన ఒక్క వేషాన్నీ కన్నతండ్రే ఆపేశాడని కళ్లలో నీళ్లు తిరిగాయి.

టీచరమ్మ పరుగెత్తుకెళ్లి, "గార్డ్ సాబ్, ఓ ఉల్టా హీ చల్తా హై" అన్నారు (దాని నడకే ఎదురు నడక అని).

"అచ్ఛా. లైన్ అలగ్ హై క్యా?" అని నాన్న అడిగారు (లైను వేరేనా అని), జెండా మాత్రం దించకుండా.

అంతలో ముందు వరసలోంచి మా మామ్మ లేచింది. "పిల్లని ఆపీసినావేటిరా? గుడి సుట్టూ మనం తిరిగీది అలాగే గదా. మన పిల్లొక్కర్తే సరిగ్గా తిరుగుతంది. ఆ మిగతా పిల్లలికే ఎవులూ సెప్పినట్టు లేదు."

నాన్న ఎర్రజెండా చుట్టేసి పచ్చజెండా తీశారు. అందరం కదిలాం. దూరపు చందమామకి నడక నెమ్మది. మిగతావాళ్లు తిరగడం ముగించి చెమటలు తుడుచుకునే వేళకి నా చుట్టు సగమే అయింది. మైదానమంతా నాకోసం ఆగింది. నేను ముగించేదాకా నాన్న చెయ్యి దించలేదు, రైలు ప్లాట్‌ఫాం దాటేదాకా చూపించాలి కదా. అంత సంతోషం నాకు మళ్లీ పెళ్లిలో కూడా కలగలేదు (ఈ మాట మా ఆయనకి తెలుసు).

శనికి అలా ఎదురు తిరిగే బుల్లి చందమామలు ఇంకా బోలెడున్నాయని ఈమధ్య పేపర్లో చదివాక, నేనొక్కదాన్నే అన్న గర్వం కాస్త తగ్గింది. నాన్న ఇప్పుడు లేరు. అయినా ఇంట్లో అందరూ ఒకవైపు, నేనొకవైపు అయిన రోజున, ఈ వయసులోనూ, ఒకసారి జనం వెనక్కి చూస్తాను. పచ్చజెండాయే కనబడుతుంది. కనబడకపోతే కనబడిందనుకుని నడిచేస్తాను.