కోరబండ వెనక చేప

ఐడహో కొండల్లో సామన్ నది మీద రబ్బరు పడవలు నడిపేవాళ్ళందరిలోకీ వెర్లాకు తెలుసుకోవాలన్న యావ ఎక్కువ. ఒడ్డున పడవ ఆగితే చాలు, మోకాలి లోతు నీళ్ళలో దిగి రాళ్ళు తిరగేస్తుంది. అడుగున ఏ పురుగు అంటుకుని ఉందో చూసి, గాలపు ముల్లుకు కోడి ఈకలతో, దారంతో అచ్చం అలాంటి ఉత్తుత్తి పురుగును కట్టి, గాలం వేయడానికొచ్చిన వాళ్ళ చేతిలో పెడుతుంది. చేప పడితే వాళ్ళు మురిసిపోతారు. వెర్లా మాత్రం దాని కడుపులో ఏముందా అని చూస్తుంది.

ఆమెకు అంతుచిక్కనిది ఒక్కటే చేప. నది మధ్యలో కోరలా పొడుచుకొచ్చిన కోరబండ దగ్గర నీళ్ళు విరుచుకుపడతాయి. ఆ బండ వెనక చాప పరిచినంత మేర నీళ్ళు నిమ్మళంగా ఉంటాయి. అక్కడ మోచేతి పొడుగున ఒక ముసలి ట్రౌట్ ఉంది. ఎవరు ఏ పురుగు విసిరినా మూతి తిప్పుకుంటుంది. మరి ఏం తిని అంత బలిసినట్టు? తానే వేసి చూద్దామంటే వెర్లా రెండు చేతులూ తెడ్లకే సరిపోతాయి. అక్కడ తెడ్డు వదిలితే పడవ బోల్తా కొడుతుంది.

ఈ వేసవిలో భుజం మొరాయించింది. పడవను మేనకోడలు టెస్‌కు అప్పగించక తప్పలేదు. ఆఖరిసారిగా ఒకటే కోరింది, కోరబండ వెనక పడవను కాసేపు నిలబెట్టమని. టెస్ సరేనంది గానీ, తెడ్ల జోలికి రాకూడదని మాట తీసుకుంది.

వెర్లా జింక వెంట్రుకలతో ఉత్తుత్తి ఎలుకను కట్టింది. ఒకప్పుడు ఆ బండ మీంచి ఎలుక జారి పడడం చూసింది, పైకి తేలడం మాత్రం చూడలేదు.

"పిల్లిని పట్టుకుందామనా అత్తా?" అంది టెస్.

ఎలుక నీళ్ళ మీద పడి రెండుసార్లు కదిలిందో లేదో, చేప గుటుక్కున మింగింది. వెర్లాకు చిన్నపిల్లలా సంతోషం ముంచుకొచ్చింది. ఎలుకలన్నమాట, ఇన్నేళ్ళూ.

అంతలో పడవ ముక్కు వడిలోకి జారింది. గాలపు కర్రను పడవలోనే వదిలేసి వెర్లా చేతులు తెడ్ల కోసం వెనక్కి వెళ్ళబోయాయి. "ఎడమది..." అనేలోపే టెస్ ఎడమ తెడ్డు లాగింది. పడవ మళ్ళీ సర్దుకుంది.

"నువ్వు చేపను చూసుకో. నీళ్ళు నేను చూసుకుంటా."

వెర్లాకు చిర్రెత్తుకొచ్చింది. అయినా తిట్టడానికి తప్పేమీ దొరకలేదు. కర్ర మళ్ళీ అందుకుని చేపను దగ్గరికి లాగి, నోట్లోంచి ఎలుకను ఊడదీసి, వదిలిపెట్టింది. తడి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఈ నదికి ఇక ఆ చేతులతో పని లేదని అప్పుడు తెలిసొచ్చింది. ఏడుపొస్తే ఆపుకోలేదు. టెస్ నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు. ముందు ఇంకా పెద్ద వడి ఉంది, తెడ్లు రెండూ ఆమె చేతుల్లోనే ఉన్నాయి.