మొలతాడు కాసు

లండన్‌లో మగ్గం నేసి చూపించడానికి మమ్మల్ని గుడియాత్తం నుంచి తీసుకెళ్లి ఓడ ఎక్కించారు. వేలూరు బడిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకున్నాను కాబట్టి చెంగయ్య మామ మాటలన్నీ నేనే దొరలకు చెప్పేవాణ్ణి. ఒక శనివారం మధ్యాహ్నం, పాత నాణేలు సేకరించేవాళ్ల ప్రదర్శన ఉందంటే ఇద్దరం వెళ్లాం.

ఒక ముసలి దొర బల్ల మీద, అద్దాల పెట్టెలో మన వైపు రాగి కాసులు మెరుస్తున్నాయి. ఒక కాసు మాత్రం బయట పడేసి ఉంది. దాని మధ్యలో బెజ్జం.

“ఎవడో మూర్ఖుడు పాడుచేశాడు,” అన్నాడు దొర. ఆ మాట తెలుగులో చెప్పగానే మామకు రోషం వచ్చింది.

“ఎవురూ పాడు చేయలేదని చెప్పప్పా! దిష్టి తగలకుండా బిడ్డ మొలతాడుకు కట్టినారు!” అంటూ, నేను వద్దంటున్నా కోటు పైకెత్తి తన మొలతాడు కాసు చూపించాడు.

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పగానే, పక్కన ఊలు అల్లుకుంటున్న దొరసాని పకపకా నవ్వి, మెడలో గొలుసు బయటికి లాగింది. దానికో చిన్న వెండి నాణెం, దానికీ బెజ్జం. పుట్టినప్పుడు వాళ్ల అమ్మమ్మ కట్టిందట. తర్వాత మొగుడి వైపు తిరిగి ఏదో అంది. దొర ముఖం ఎర్రబడింది.

“ఏమంటాండాదప్పా?” అన్నాడు మామ.

“‘నలభై ఏండ్లుగా కాసులే చూస్తుండావు, నా మెడ ఎప్పుడన్నా చూసినావా?’ అంటాండాది మామా.”

దొర బెజ్జం కాసును తీసి అద్దాల పెట్టె నడిమధ్యన పెట్టాడు.