మిద్దె మీది విభాగం

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా చెల్లెలి కూతురు ఫోను పట్టుకుని నా పక్కన కూర్చుంది. డిగ్రీ అయిపోయింది, ఎమ్మే చదువుతానంటోంది. ఏ ఊరైనా ఫరవాలేదట గాని సామాజిక ఆర్థిక శాస్త్రాలే కావాలట. వంటింట్లోంచి వాళ్ళమ్మ "యాడ పట్టుకున్నిందో ఈ పిచ్చి" అని గొణిగింది. ఎక్కడ పట్టుకుందో నాకు తెలుసు, నా దగ్గర విన్న కబుర్లలోనే. పిల్ల ఒక విశ్వవిద్యాలయం పేరు చెప్పి, అక్కడ ఆ శాస్త్రాల కింద ఉన్న విభాగాలన్నీ ఒక్కొక్కటే చదవసాగింది. పరిశోధన విభాగాలు వేరు, బోధన విభాగాలు వేరు. నేను కళ్ళద్దాలు తెచ్చుకుని ఫోను చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి రెండుసార్లు చూశాను. "ఏం ఎతుకుతాండావు పెద్దమ్మా?" అంది. ఏం లేదన్నాను. నేను వెతికిన పేరు అందులో ఉండదని తెలుసు. అది పోయి పాతికేళ్ళవుతోంది. తెలిసి కూడా వెతికాను.

ఆ విశ్వవిద్యాలయం మాకు చాలా దూరం. కానీ దాని విభాగం ఒకటి అప్పట్లో మా నంద్యాలలో ఉండేది. గ్రామీణ శ్రమ పరిశోధన, బోధన విభాగం అని పేరు. పేరు పెద్దది, చోటు చిన్నది. బజారు వీధిలో ఒక శెట్టిగారి మిరపకాయల కొట్టు పైన రెండు గదులు, ముందు సన్నటి వసారా. బోర్డు రాసిన పెయింటరు మొదటి మాటలకు దండిగా చోటు వాడేసుకుని, చివరికి వచ్చేసరికి గత్యంతరం లేక 'గం' ఒక్కదాన్నే కింది వరసలో రాశాడు. కింద బస్తాలు దులిపినప్పుడల్లా పైన పాఠం ఆగిపోయేది. దూరప్రాంతాల నుంచి వచ్చిన విద్యార్థులు వారం రోజులు తుమ్మి, ఆ తర్వాత అలవాటు పడేవాళ్ళు. ఊళ్ళో ఎవరూ దాన్ని విభాగం అనలేదు. మిరపకాయల మిద్దె అన్నారు. పోస్టుమాను కూడా అలాగే అనేవాడు. విభాగం పేరు మీద ఉత్తరం వస్తే ఎవరికో తెలియక రెండు రోజులు తిప్పి, మిద్దెకని చెబితే ఒక్క పూటలో తెచ్చేవాడు.

విభాగానికి అధిపతి మా మేడమ్. కోస్తా మనిషి. నలభై దాటి ఉంటాయి అప్పటికి. సన్నగా, పొడుగ్గా, ఎండలో కూడా గొడుగు మూసి పట్టుకుని నడిచేది. దాన్ని విప్పి ఎందుకు పట్టుకోరని ఒకసారి అడిగాను. "గొడుగు కింద ఉన్నవాళ్ళతో ఎవరూ మనసు విప్పి మాట్లాడరమ్మా" అంది. మరి మోసుకు తిరగడమెందుకంటే, కుక్కల కోసమట. ఏడాదికి రెండు జట్లుగా ఎనిమిదేసి మంది విద్యార్థులు రెండు నెలలకని వచ్చేవాళ్ళు. పొద్దున్నే ముందు గదిలో గంటన్నర పాఠం, తర్వాత బస్సెక్కి ఊళ్ళమీదికి పోవడం. ప్రశ్న అడగడం మానేసినవాడు పాఠం చెప్పకూడదు, పాఠం చెప్పనివాడు ప్రశ్నలు అడుగుతూ ఊళ్ళు తిరగకూడదు అని ఆమె సిద్ధాంతం. ఆ రెంటినీ ఒకే కప్పు కింద ఉంచాలని పోరాడి ఆ విభాగాన్ని తెచ్చుకుంది.

నేను అందులోకి వెళ్ళింది చదువు వల్ల కాదు, భాష వల్ల. మా నాయన బడిపంతులు. నేను డిగ్రీ ముగించి ఇంట్లో కూర్చుని, ఆదివారం బడిలో పిల్లలకు పాటలు నేర్పుతూ ఉన్నాను. శెట్టిగారు మా నాయనతో "పైన మేడమ్మకు మన మాటలు తెలిసిన పాప కావాలంటప్పా, మీ పాప ఖాళీగా ఉండాది గదా" అన్నాడట. మేడమ్‌ది తెలుగే, ఊళ్ళవాళ్ళదీ తెలుగే, అయినా మధ్యలో ఒక మనిషి కావలసి వచ్చింది. మొదటిరోజే ఆ సంగతి తెలిసింది. ఆళ్ళగడ్డ దగ్గర ఒక ఊళ్ళో రచ్చబండ మీద కూర్చున్న రైతును ఆమె "మీ కుటుంబానికి ప్రధాన జీవనాధారం ఏమిటండీ?" అని అడిగింది. ఆయన నావైపు తిరిగి "ఏంది పాపా ఈమె అంటాండేది?" అన్నాడు. "ఏం చేసి బతుకుతాండారని అడుగుతాంది" అన్నాను. "అట్ల అడిగితే సరిపాయ గదా" అన్నాడాయన. మేడమ్ నవ్వలేదు. నా మాట తన నోటుపుస్తకంలో రాసుకుంది. ఆ వారమంతా నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నావళి మొత్తం తిరగరాసింది. ఇరవై మూడేళ్ళ దాన్ని, నా మాట ఒకరు కాగితం మీద పెట్టుకోవడం అదే మొదలు. ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఆ ఏడు మేం చేస్తున్నది ఊళ్ళో ఎవరు ఎంతసేపు ఏ పని చేస్తారన్న లెక్క. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పడుకునేదాకా గంటలు రాయాలి. ఆళ్ళగడ్డ నుంచి కోయిలకుంట్ల పోయే దారిలో ఒక నల్లరేగడి ఊరు ఎంచుకున్నాం. అక్కడ ఒక ఇంట్లో పెద్దాయనను, వరస కలిపి మామా అనేదాన్ని, ఆయన పని గురించి అడిగితే చేలు, ఎద్దులు, సంత అంటూ అరగంట చెప్పాడు. ఆయన భార్య, అంటే అత్త గురించి అడిగితే "ఆమెకేం పనప్పా, ఇంటికాడ ఉంటాది" అన్నాడు. విద్యార్థి ఒకడు ఆమె పేరు పక్కన 'పని లేదు' అని బుద్ధిగా రాశాడు. ఆ సమయానికి అత్త ఇంట్లో లేదు. ఎక్కడికి పోయిందని మేడమ్ అడిగింది. "శనగ పీకను పోయింటాది" అన్నాడు మామ, అదేం పెద్ద సంగతి కాదన్నట్టు. మేడమ్ ఆ కాగితాన్ని విద్యార్థి చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుంది. తిట్టలేదు. ఆ కాగితాన్ని మాత్రం ఆ తర్వాత వచ్చిన ప్రతి జట్టుకూ మొదటి పాఠంలో విప్పి చూపించేది.

మర్నాడు మేమిద్దరం ఆ అత్త వెంట ఒక పగలంతా ఉన్నాం. అంతకు ముందు సాయంత్రమే ఆ ఊరి పంతులమ్మగారి ఇంట్లో దిగి, తెల్లవారేసరికి అత్త వాకిట్లో నిలబడ్డాం. ఆమె మమ్మల్ని చూసి చీపురు ఆపకుండానే "ఏందీ, నన్ను సూడను వచ్చినారా? నేనేమన్నా పెండ్లికూతుర్నా" అంది. కసువు ఊడ్చింది, ఎనుముకు మేత వేసి పాలు పిండింది, బోరింగు దగ్గర నుంచి ఆరు బిందెలు మోసింది, రొట్టెలు తట్టింది. మంచు ఆరకముందే చేలో ఉంది. ఎండెక్కితే శనగకాయలు రాలిపోతాయి, అందుకని చలిలోనే పీకాలి. ఆకు మీది పులుపు చేతుల పగుళ్ళలోకి దిగి మండుతుంది. నేను సాయం చేయబోయి గంటలోపే చేతులు ఊదుకుంటూ గట్టుమీద కూర్చున్నాను. మేడమ్ గడియారం చూస్తూ, రాస్తూ, గొడుగు చంకన పెట్టుకుని సాలు వెంట నడుస్తూనే ఉంది.

సాయంత్రం దీపం పెట్టే వేళకు అత్త మా ముందు కూర్చుని "అన్నీ రాసుకున్నారు గదా, ఏం రాసినారో నాకు చదివి ఇనిపియ్యండి" అంది. అంతవరకు ఎవరూ అలా అడగలేదు. మేడమ్ కాగితాలు నాకిచ్చింది. నేను చదివాను. ఊడ్చింది ఇంతసేపు, నీళ్ళు ఇంతసేపు, చేలో ఇంతసేపు, వంట రెండు పూటలా ఇంతసేపు. చదువుతున్నంతసేపూ ఆమె తన అరచేతులు చూసుకుంటూ ఉంది. గడప దగ్గర మామ బీడీ ముట్టించడం మరిచిపోయి వింటున్నాడు. అయిపోయాక ఆమె "ఇదంతా నేనేనా చేసింది?" అంది. నవ్వుకు అడిగిన మాట కాదది. మేడమ్ అందరి దినాలూ ఇలాగే రాసి, పుస్తకం తయారయ్యాక ఈ ఊరికి వచ్చి తెలుగులో చదివి వినిపిస్తామని మాట ఇచ్చింది. "వస్తామని పోయినోళ్ళు శానామంది ఉండారు" అంది అత్త. కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది.

ఆ చలికాలమూ ఆ తర్వాతి ఎండాకాలమూ నా జీవితంలో మళ్ళీ రాలేదు. మిద్దె మీద కాగితాలు పరిచి, గాలికి ఎగరకుండా శెట్టిగారి రాతి తూకంగుండ్లు పెట్టి, పొద్దుగూకేదాకా కూర్చునేవాళ్ళం. మేడమ్ ఇంగ్లీషులో రాసేది, నేను తెలుగులో రాసేదాన్ని. ఒక మాట కోసం ఇద్దరం ఒక పూట వాదులాడుకున్న రోజులున్నాయి. అలాంటి ఒక సాయంత్రం ఆమె తలెత్తకుండానే "జూన్‌లో నువ్వు విశ్వవిద్యాలయానికొచ్చి ఎమ్మేలో చేరుతున్నావు. మన విభాగం విద్యార్థిగా. మీ నాన్నగారితో నేను మాట్లాడతాను" అంది. మాట్లాడింది కూడా. మా నాయన ఒక్కరోజు ఆలోచించి, బీరువా పైనున్న తన పాత ట్రంకుపెట్టె దించి తుడిచాడు. అదే ఆయన ఒప్పుదల.

జూన్ కంటే ముందు విశ్వవిద్యాలయం నుంచి కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు. వాళ్ళు మెట్లెక్కే సమయానికే కింద బస్తాలు దులిపారు. పాపం, ఒకాయన ప్రశ్న మొదలుపెట్టి ముగించలేకపోయాడు. తుమ్ముల మధ్యే, ఈ పని విశ్వవిద్యాలయంలోనే కూర్చుని చేయలేరా, పరిశోధన ఒక చోట, బోధన ఒక చోట ఉంటే సౌకర్యం కదా అన్నారు. మేడమ్ చాలాసేపు చెప్పింది. వాళ్ళు మర్యాదగా విన్నారు. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. విభాగాన్ని రెండుగా చీల్చి వేరే విభాగాల్లో కలిపారు. నంద్యాల గదులు ఖాళీ చేయాలి. మేడమ్ ఇకమీదట విశ్వవిద్యాలయంలోనే ఉండి పాఠాలు మాత్రం చెప్పాలి. ఆమె ఉత్తరం చదివి మడిచి, ఏ కాగితాలు ఏ పెట్టెలో పెట్టాలో చెప్పసాగింది. బస్సెక్కే ముందు తెలుగు ప్రతి నా చేతిలో పెట్టి "మాటిచ్చాం. నాకు సెలవు దొరకదు. నువ్వు వెళ్ళి చదివి రా" అంది. నేను ఏడుస్తున్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసి, బస్సెక్కింది.

పదిమంది ముందు నోరు విప్పని దాన్ని, ఒక్కదాన్నే పోయాను. పంతులమ్మగారు బడి వసారాలో చాపలు వేయించింది. ఆడవాళ్ళు ముప్ఫైమంది దాకా వచ్చారు, మగవాళ్ళు గోడవతల నిలబడి విన్నారు. మొదటి పేజీ చదువుతుంటే నా గొంతు నాకే వినబడలేదు. "గట్టిగా చదువు పాపా" అన్నారెవరో. చదివాను. మధ్యమధ్యలో ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. ముగిశాక ఆ అత్త లేచి నిలబడింది.

"అంతా బాగుండాది గానీ ఒకటి ఇడిసిపెట్టినావు పాపా" అంది.

ఏమిటని అడిగాను.

"మద్యానం గిన్నెలు కడిగినాక నేను గడపలో కాసేపు ఊరికే కూసుంటా. ఎవురితో మాట్లాడను, ఏం చేయను. ఆ పొద్దు మీరూ సూసినారు. అది రాయలేదే?"

అది పని కాదు కదా అత్తా అన్నాను.

"పని కాదు. దినమంతట్లో నాది అదొక్కటే. అది రాయకపోతే మీరు రాసింది ఎనుము దినం గానీ నా దినం కాదు."

గోడవతల నుంచి మామ "రాసుకో పాపా, ఆమె చెప్పింది రాసుకో" అన్నాడు. నేను అక్కడే కూర్చుని, అందరూ చూస్తుండగా, ఆమె పేజీ అంచున రాసి చదివి వినిపించాను. అప్పుడు కూర్చుంది.

ఆ సంగతంతా మేడమ్‌కు ఆరు పేజీలు రాశాను. వారంలో జవాబు వచ్చింది. "ఇన్నేళ్ళు నేను చెప్పిన పాఠంలో ఉన్న లోపం ఆమె ఒక్క మాటలో పట్టుకుంది. ప్రశ్నావళిలో ఆ వరస చేర్చాను" అని రాసింది. కింద ఇంకో మాట: "మన విభాగం లేకపోతే ఏం, వేరే విభాగంలో నీకు సీటు మాట్లాడి ఉంచాను. వెంటనే రాయి." ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. అదే వారం ఆళ్ళగడ్డలో ఒక బళ్ళో టీచరుగా రమ్మని నాకు పిలుపు వచ్చింది. నాయనకు రిటైర్మెంటు దగ్గరపడింది, చెల్లెలు ఇంకా చదువుతోంది అని నాకు నేను కారణాలు చెప్పుకున్నాను. నాయన మాత్రం వద్దనలేదు, ట్రంకుపెట్టె నడవలోనే ఉంచాడు. అసలు కారణం వేరు. ఆ మిద్దె లేని చదువును నేను ఊహించుకోలేకపోయాను. మేడమ్‌కు ఆ మాట ఎలా రాయాలో తెలియక, రేపు రాద్దాం, ఈ పరీక్షలు కానీ, ఈ వానలు కానీ అనుకుంటూ ఉండిపోయాను. ఆమె ఇంకో ఉత్తరం రాసింది. దానికీ రాయలేదు. సిగ్గు పెరిగేకొద్దీ రాయడం ఇంకా కష్టమైంది.

ఆళ్ళగడ్డ బళ్ళో ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. బాగానే చెప్పానంటారు పిల్లలు. మేడమ్ పోయిన సంగతి, ఆమె పోయిన ఎనిమిది నెలలకు, పాత విద్యార్థి ఒకాయన బస్టాండులో ఎదురై చెబితే తెలిసింది. "మిమ్మల్ని అడిగేవారు" అన్నాడు. ఏమని అడిగేవారో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన బస్సు వచ్చింది, వెళ్ళిపోయాడు.

ఊరివాళ్ళ దినాలను గంటలుగా, నిమిషాలుగా విడదీసి రాసిన దాన్ని నేను. నా దగ్గరికి వచ్చేసరికి, ఒక ఉత్తరానికి జవాబు రాయడానికి కావలసినంత కాలం ఎప్పుడూ ముందు మిగిలే ఉంటుందనుకున్నాను.