పద్మక్క జడ

2023 వానాకాలం. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే దారిలో ఒక స్కానింగ్ సెంటర్. అక్కడ ఎక్స్‌రే గదిలో ఆయాను. నా చదువు ఏడో తరగతిలో ఆగింది, నోరు మాత్రం ఆగలేదు. ఆడవాళ్ల గొలుసులు తీయించడం, జడను నడినెత్తిన ముడివేయడం నా పని. జడ భుజం మీద ఉంటే ఫిల్ములో ఊపిరితిత్తి మీద నీడ పడుతుంది. ఇలా ఒంట్లో లేనిది ఫిల్ములో కనబడితే ఆర్టిఫాక్ట్ అంటారు.

ఆ ఏడే మా కంప్యూటర్లో ఏఐ పెట్టారు. అనుమానం వచ్చినచోట ఎర్రగీత చుట్టి, ఆ ఫిల్మును డాక్టరుకు ముందుగా పంపుతుంది.

లేడీస్ హాస్టల్లో వంట చేసే పద్మక్క మూడు వారాల దగ్గుతో వచ్చింది.

"ఏమక్కా, పోపు ఘాటు మస్తయిందా?" అన్నాను. నవ్వింది, నవ్వుతూనే దగ్గింది. ఆ సందట్లో జడ సంగతి మరిచాను.

ఫిల్ములో కుడి భుజం కింద ఎర్రగీత. తలుపు సందులోంచి ఆమె చూడనే చూసింది.

"గా ఎర్రగ ఏందే? టీబీయా? హాస్టలోళ్లకు తెలిస్తే పొయ్యి కాడికి రానియ్యరు. పని పోతదే!"

అప్పుడు కనబడింది నాకు, ఆమె కుడి భుజం మీద జడ.

"ఫికర్ జెయ్యకు అక్కా, గది నీ జడనే. గా మిషిన్ నాకన్న తక్కువ సదివింది."

పద్మక్క కొంగుతో కళ్లు తుడుచుకుని నా చేయి గట్టిగా పట్టుకుంది.

టెక్నీషియన్‌కు చెప్పి మళ్లీ తీయించాను. ఈసారి జడ నేనే ముడివేశాను. జడ నీడ పోయింది. ఎర్రగీత పోలేదు.

"ఇప్పుడు జడ లేదు గదనే?" అంది. నేను పోయి డాక్టరమ్మను పిలుచుకొచ్చాను.

డాక్టరమ్మ ఫిల్ము చూసి ఆమె పక్కనే కూర్చుంది. "ఇది అనుమానమే పద్మగారూ. కఫం పరీక్ష చేస్తే తేలుతుంది. టీబీ అయినా మందులతో నయమవుతుంది."

టీబీయే అని తేలింది. హాస్టలువాళ్లు వేరే వంటమనిషిని పెట్టుకున్నారు.

ఆరు నెలల మందులయ్యాక పద్మక్క మళ్లీ ఎక్స్‌రేకు వచ్చింది. జడను ఇంట్లోనే నడినెత్తిన ముడివేసుకొచ్చింది. ఈసారి ఎర్రగీత రాలేదు.

"చెప్పవేందే, ఏమున్నది?"

"డాక్టరమ్మ జెప్తది అక్కా."

"నీ నోరు సుత బంద్ పెట్టిండ్రా?" అని నవ్వింది. దగ్గు రాలేదు.

ఆ మిషన్‌ను ఇప్పటికీ ఆటపట్టిస్తాను. కానీ ఆ రోజు అది అనుమానపడి ఊరుకుంది. తీర్పు చెప్పింది నేను.